కొత్త సైకిల్ మీద 73 సెకన్లు ఆలస్యం: ఇద్దరు టైమ్ ట్రయల్ రైడర్ల ఫిట్టింగ్ కేసు

వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న 41 ఏళ్ళ రైడర్ ఒకాయన, అనంతపురం జిల్లా మనిషి, తన టైమ్ ట్రయల్ (గుంపు లేకుండా ఒక్కరే గడియారంతో పోటీపడే రేసు) సైకిల్‌ను కారు వెనక కట్టుకుని రైడర్ల ఒంటికి తగ్గట్టు సైకిల్ కొలతలు సర్దే, బెంగళూరులోని నా ఫిట్టింగ్ గదికి వచ్చారు. ఏడాదిన్నరగా ఆయన దేవనహళ్ళి వైపు 30 కి.మీ. టైమ్ ట్రయల్‌ను మామూలు రోడ్ సైకిల్‌కు క్లిప్-ఆన్ ఏరోబార్లు (మోచేతులు ఆనించి ముందుకు వంగి పట్టుకునే కడ్డీలు) బిగించి తొక్కుతూ వచ్చారు. అందులో ఆయన అత్యుత్తమ టైమింగ్ 47 నిమిషాల 31 సెకన్లు. తర్వాత అయిదున్నర లక్షలు పెట్టి అసలైన టైమ్ ట్రయల్ సైకిల్, 80 మి.మీ. లోతు రిమ్ముల చక్రాలు, పొడుగు తోక హెల్మెట్ కొన్నారు. ఆరు వారాలు సాధన చేసి అదే రోడ్డు మీద, దాదాపు అదే గాలిలో తొక్కితే 48 నిమిషాల 44 సెకన్లు పట్టింది. “అన్నా, ఇంత దుడ్డు పోసినా పాత సైకిలే మేలనిపిస్తాంది. లోపం బండిలో ఉందా, నాలో ఉందా, మీరే చూసి చెప్పండి” అన్నారు.

బండిలో లోపం లేదు. ఆయన కాళ్ళలోనూ శక్తికి కొదవ లేదు. మనిషి సైకిల్‌ను ఆనుకునే చోట్లు మూడే: సీటు, పెడళ్ళు, మోచేతుల కింది ప్యాడ్లు. ఆ మూడింటి మధ్య దూరాలు ఆయన ఒంటికి సరిపోలేదు. ఆ సంగతి నాకు మొదటి రోజే తెలిసినా, దాన్ని సరిదిద్దే క్రమంలో నేనూ ఒక పొరపాటు చేశాను. అది కూడా ఈ కేసులో భాగమే కనుక దాచకుండా రాస్తున్నాను.

అదే నెలలో నా దగ్గరకు వచ్చిన మరో రైడర్, నెల్లూరు నుంచి వచ్చి మారతహళ్ళిలో ఉంటున్న 29 ఏళ్ళ అమ్మాయి, ఒంటి తీరులో ఈయనకు పూర్తిగా భిన్నం. ఇద్దరి కొలతలనూ పక్కపక్కన పెడితేనే ఏ పరికరం ఎవరికి ఎందుకు పనికొస్తుందో స్పష్టమవుతుంది. అంకెలు పంచుకోవడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. పేర్లు మాత్రం రాయడం లేదు.

గాలితో లెక్క

చదునైన రోడ్డు మీద టైమ్ ట్రయల్ వేగంతో వెళ్ళే రైడర్ ఖర్చు చేసే శక్తిలో అత్యధిక భాగం గాలిని చీల్చుకు పోవడానికే సరిపోతుంది. మొదటి రైడర్ పాత సైకిల్ మీద 245 వాట్లు తొక్కినప్పుడు, గొలుసు దగ్గర పోయింది పోగా చక్రానికి సుమారు 239 వాట్లు అందాయి. అందులో 190 దాకా గాలికి, 49 దాకా టైర్ల రాపిడికి పోయాయని నా లెక్కలో తేలింది. ఆ గాలి వాటాలో సైకిల్‌ది చిన్న పాలు. 70 నుంచి 80 శాతం దాకా రైడర్ శరీరానిదే. గాలి కోసం పెట్టాల్సిన శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. అంటే వేగం 5 శాతం పెంచాలంటే గాలికి దాదాపు 16 శాతం ఎక్కువ శక్తి ధారపోయాలి. అందుకే ఈ ఆటలో కాళ్ళకు కొత్త బలం తెచ్చుకోవడం కంటే గాలికి అడ్డు తగ్గించుకోవడం చాలాసార్లు త్వరగా ఫలిస్తుంది.

ఆ అడ్డును కొలిచే అంకెను సీడీఏ అంటాం. ఎదుటి నుంచి చూస్తే రైడర్, సైకిల్ కలిసి ఆక్రమించే వైశాల్యాన్ని, ఆ ఆకారం గాలిని ఎంత సాఫీగా జారనిస్తుందో చెప్పే గుణకంతో గుణిస్తే వచ్చేది అది. చదరపు మీటర్లలో చెప్తాం. పాత రోడ్ సైకిల్ మీద ఈయన సీడీఏ 0.300. కొత్త సైకిల్ మీద, ఆయన తెచ్చిన అమరికలోనే, 0.285. అంటే కొత్త సైకిల్ గాలి అడ్డును 5 శాతం తగ్గించిన మాట నిజమే. కానీ ఆ భంగిమలో ఆయన 30 కి.మీ. పొడుగునా నిలబెట్టుకోగలిగింది 221 వాట్లే. 5 శాతం మిగుల్చుకోవడానికి 10 శాతం శక్తిని పోగొట్టుకున్నారు. ఆ 73 సెకన్ల ఆలస్యం అక్కడి నుంచే వచ్చింది.

ఒంటి పరిమాణం సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మన రైడర్లలో చాలామంది కిలోకు ఎన్ని వాట్లన్న ఒక్క లెక్కతోనే అన్నీ తూస్తారు. శరీరం పెద్దదయ్యే కొద్దీ బరువు పెరిగినంతగా గాలికి ఎదురయ్యే వైశాల్యం పెరగదు. కనుక చదునైన రోడ్డు మీద పెద్ద ఒళ్ళు గలవారికి సహజంగానే కొంత మొగ్గు ఉంటుంది. మొదటి రైడర్ ఎత్తు 183 సెం.మీ., బరువు 84 కిలోలు. రెండో రైడర్ ఎత్తు 157 సెం.మీ., బరువు 51 కిలోలు. ఫిట్టింగులన్నీ పూర్తయ్యాక ఆయన కిలోకు 2.9 వాట్లు, ఈమె కిలోకు 3.2 వాట్లు తొక్కుతున్నారు. నంది కొండ ఎక్కేటప్పుడు ఆమె ఆయనను వెనక వదిలి వెళ్ళిపోతారు. అదే వాట్లను సీడీఏతో భాగిస్తే ఆయనకు 916, ఆమెకు 733 వస్తుంది. దేవనహళ్ళి చదును మీద ఆయన ఆమెకంటే మూడు నిమిషాలు ముందుంటారు. ఇద్దరిలో ఎవరు మంచి రైడర్ అన్న ప్రశ్నకు రోడ్డును బట్టి జవాబు మారిపోతుంది.

అలాగని చిన్న ఒళ్ళు గలవారు టైమ్ ట్రయల్‌కు పనికిరారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఇటలీ రైడర్ ఫిలిప్పో గన్నా ఎత్తు 193 సెం.మీ.; 2022 అక్టోబరులో స్విట్జర్లాండ్‌లోని గ్రెంచెన్ వెలోడ్రోమ్ అనే సైకిల్ ట్రాక్‌లో గంటలో 56.792 కి.మీ. తొక్కి అవర్ రికార్డు నెలకొల్పినవాడు. బెల్జియం రైడర్ రెమ్కో ఎవెన్‌పూల్ ఎత్తు 171 సెం.మీ. మాత్రమే. అయినా 2023లో స్కాట్లాండ్‌లోని స్టర్లింగ్‌లో జరిగిన ప్రపంచ టైమ్ ట్రయల్‌లో గన్నాను 12 సెకన్ల తేడాతో ఓడించాడు. 2024 పారిస్ ఒలింపిక్స్ టైమ్ ట్రయల్‌లోనూ ఎవెన్‌పూల్‌కు స్వర్ణం, గన్నాకు రజతం దక్కాయి. ఎవెన్‌పూల్ ముడుచుకుని కూర్చునే తీరు చూడండి: చేతులు ముఖం దగ్గరకు, తల భుజాల మధ్యకు, అంతా కలిసి ఒక్క ముద్దలా కనిపిస్తుంది. వాట్లలో తక్కువైనదాన్ని ఆకారంతో పూడ్చుకోవడం అంటే అదే. మా నెల్లూరు అమ్మాయికి నేను చూపించిన మొదటి వీడియో ఆయనదే.

కొలిచిన పద్ధతి

గాలి సొరంగం (లోపల గాలి వీచేలా చేసి అడ్డును కొలిచే గది) అందరికీ అందుబాటులో ఉండేది కాదు. మేం కొలిచేది రోడ్డు మీదే. దేవనహళ్ళి దాటాక ప్లాట్లు వేసి, రోడ్లు పోసి, ఇంకా ఇళ్ళు కట్టని లేఅవుట్లు చాలా ఉన్నాయి. అలాంటి ఒక లేఅవుట్‌లో 1.6 కి.మీ. చుట్టు రోడ్డు మాకు ప్రయోగశాల. తెల్లవారుజామున 5 గంటల 40 నిమిషాలకు మొదలుపెట్టి, 7 దాటి గాలి లేచేలోపు ముగించాలి. ఒక్కో అమరికకు అయిదు చుట్లు తొక్కించి, పవర్ మీటర్ (తొక్కే శక్తిని వాట్లలో కొలిచే పరికరం) అంకెలు, చక్రం వేగం, గాలి పీడనం, ఉష్ణోగ్రత నమోదు చేసి, రాబర్ట్ చంగ్ రూపొందించిన వర్చువల్ ఎలివేషన్ పద్ధతిలో సీడీఏ రాబడతాను. ఈ పద్ధతి ఆధారం సరళమైనది: చుట్టు తిరిగి బయల్దేరిన చోటికే వస్తే ఎత్తు మారకూడదు, ఏ సీడీఏ విలువ పెడితే లెక్కలో ఎత్తు మారకుండా నిలుస్తుందో అదే నిజమైన విలువ.

మొదటి అమరికను చివర్లో మళ్ళీ ఒకసారి కొలవకుండా నేను ఏ ఫలితాన్నీ నమ్మను. మా చుట్టు మీద ఒకే అమరికను రెండుసార్లు కొలిస్తే 0.004 దాకా తేడా వస్తుంది. అంతకంటే చిన్న లాభం చూపించే పరికరం గురించి ఒక్క ఉదయం పరీక్షతో ఏమీ చెప్పకూడదు. మధ్యలో పాల వ్యాను పక్కనుంచి పోయినా ఆ చుట్టును కొట్టివేస్తాం, ఎందుకంటే అది లాక్కుపోయే గాలి రైడర్‌ను ముందుకు తోస్తుంది.

మొదటి రైడర్: నా పొరపాటు, తర్వాతి దిద్దుబాటు

ట్రైనర్ (సైకిల్‌ను కదలకుండా పట్టి ఉన్నచోటే తొక్కనిచ్చే స్టాండు) మీద సైకిల్ బిగించి, పక్క నుంచీ ఎదుటి నుంచీ కెమెరాలు పెట్టి తొక్కమన్నాను. ఎదుటి వీడియోలో కనిపించిన ఒక్క విషయం నాకు మొత్తం కథ చెప్పింది. పెడల్ పై అంచుకు వచ్చిన ప్రతిసారీ తొడ ఆయన పొట్టకు ఒత్తుకుని, దారి లేక మోకాలు బయటికి తిరుగుతోంది. అయిదారు తొక్కుళ్ళకు ఒకసారి నడుము లేపి, గట్టిగా ఊపిరి పీల్చుకుని మళ్ళీ కిందికి వంగుతున్నారు. అలా లేచినప్పుడల్లా హెల్మెట్ తోక వీపు మీది నుంచి లేచి గాలిలో నిలబడుతోంది. మెడ అలసిపోయి తల దించినప్పుడూ అదే జరుగుతోంది. చూస్తున్న నాకే ఊపిరి బిగబట్టినట్టయింది. ఆ భంగిమలో ముప్పావు గంట పాటు 221 వాట్లు తొక్కడం ఎంత పట్టుదల ఉంటే సాధ్యమో నాకు తెలుసు; ఆ మాట ఆయనతోనూ అన్నాను.

ఆయన కాళ్ళు పొడుగు, మొండెం పొట్టి. 183 సెం.మీ. మనిషికి లోపలి కాలు కొలత 88 సెం.మీ. వచ్చింది. అమ్మినవారు ఎత్తు ఒక్కటే చూసి పెద్ద సైజు ఫ్రేము ఇచ్చారు. కాళ్ళ పొడుగును బట్టి సీటు బాగా పైకి పోయింది, మొండెం పొట్టి కావడంతో చేతులు చాలా దూరం చాచాల్సి వచ్చింది. రెండూ కలిసి నడుము దగ్గర మడతను ఇరుకు చేశాయి. రోజుకు తొమ్మిది గంటలు కుర్చీలో కూర్చునే ఉద్యోగం వల్ల తుంటి కండరాలు బిగుసుకుపోయి ఉండటం దానికి తోడైంది. ఒకే ఎత్తు ఉన్న ఇద్దరికి ఒకే ఫ్రేము సరిపోతుందన్న ఊహ రోడ్ సైకిల్ మీద కొంతవరకు చెల్లుతుంది, టైమ్ ట్రయల్ సైకిల్ మీద చెల్లదు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ 2023 నుంచి ఏరోబార్లు ఎంత ముందుకు ఉండవచ్చన్న పరిమితిని రైడర్ ఎత్తును బట్టి, 180, 190 సెం.మీ. హద్దులుగా మూడు తరగతుల్లో పెట్టింది. అందరికీ ఒకే కొలత కంటే అది ఎంతో న్యాయం. అయినా ఎత్తు కంటే మొండెం, చేతుల పొడవులే అసలు నిర్ణాయకాలని నా అనుభవం.

ఇక నా పొరపాటు. ఇదంతా కళ్ళారా చూశాక కూడా, మొదటి సిట్టింగులో నేను ఆయన ప్యాడ్లను 25 మి.మీ. కిందికి దించాను. పక్క వీడియోలో వీపు నేలకు సమాంతరంగా వచ్చి చూడముచ్చటగా కనిపించింది, ఆ బొమ్మను చూసి నేను తృప్తి పడ్డాను. లేఅవుట్‌లో కొలిస్తే సీడీఏ 0.279 మాత్రమే వచ్చింది. అంత దించినందుకు దక్కింది 0.006, పరీక్ష పొరపాటుకు కొంచెం పైన. అదే గుండె వేగంతో తొక్కే శక్తి మాత్రం 208 వాట్లకు పడిపోయింది. చేతులు దిగిన కొద్దీ రోడ్డు చూడటానికి తలను ఇంకా పైకి ఎత్తాల్సి వచ్చింది. వీపు వల్ల మిగిలిన లాభాన్ని తల తినేసింది. ఆ వారం ఆయనకు ఫోన్ చేసి, నేను చేసిన మార్పు తప్పని, మళ్ళీ రమ్మని అడిగాను.

రెండో సిట్టింగులో పనిని తుంటి నుంచి మొదలుపెట్టాను. 175 మి.మీ. క్రాంకులు (పెడళ్ళను పట్టి తిప్పే కడ్డీలు) తీసి 165 మి.మీ.వి వేశాం. ఇందులో లెక్క రైడర్లు గమనించాల్సింది. క్రాంకు 10 మి.మీ. పొట్టిదైతే, కింది అంచున కాలు అంతే చాపుకోవడానికి సీటును 10 మి.మీ. పైకి లేపాలి. పై అంచున పెడల్ 10 మి.మీ. కిందికి వస్తుంది. ఈ రెండూ కలిసి, తొక్కుడు పై అంచున తుంటి నుంచి పాదం 20 మి.మీ. దూరమవుతుంది. పొట్టకు, తొడకు మధ్య దొరికిన ఆ చోటు బయటివారికి చిన్నదిగా అనిపించవచ్చు. ఆయనకు మాత్రం మొదటి నిమిషంలోనే తేడా తెలిసింది. సీటును 30 మి.మీ. ముందుకు జరిపి, దానికి తగ్గట్టు మొత్తం 12 మి.మీ. పైకి లేపాం. ప్యాడ్లను 15 మి.మీ. వెనక్కి తెచ్చాం. తర్వాత, మొదటిసారి చేసినదానికి పూర్తి విరుద్ధంగా, ప్యాడ్లను నేను దించిన చోటి నుంచి 45 మి.మీ. పైకి, అంటే ఆయన తెచ్చిన అమరిక కంటే కూడా 20 మి.మీ. పైకి లేపి, ఏరోబార్ల కొసలను 15 డిగ్రీలు ఎగువకు వంచి, రెండు ప్యాడ్లనూ దగ్గరకు జరిపాను.

చేతులు పైకి లేస్తే గాలికి అడ్డు పెరగాలి కదా అని ఆయన అడిగారు. పెరగవచ్చు, తల ఉన్నచోటే ఉంటే. కానీ పిడికిళ్ళు గడ్డం ఎదురుగా వచ్చాక ఆయన భుజాలు వాటంతటవే దగ్గరకు ముడుచుకున్నాయి, తల వాటి మధ్యకు దిగింది, మోకాళ్ళు నిటారుగా పైకీ కిందికీ ఆడసాగాయి. సీడీఏ 0.271 వచ్చింది. మరో ఉదయం మళ్ళీ కొలిచినా అదే.

హెల్మెట్ల పరీక్ష ఈ భంగిమ కుదిరాకే చేశాం, ఎందుకంటే హెల్మెట్ లాభమంతా అది వీపుతో ఎలా కలుస్తుందన్నదాని మీదే ఉంటుంది. ఆయన అలసిపోగానే కిందికి చూస్తారు. ఆ అలవాటు నెలలు గడిచినా పూర్తిగా పోలేదు. పొడుగు తోక హెల్మెట్ ఆ క్షణాల్లో తెరచాపలా లేచి నిలుస్తుంది. స్నేహితుడి దగ్గర అరువు తెచ్చిన పొట్టి తోక హెల్మెట్‌తో మూడు ఉదయాలు కొలిస్తే సగటున 0.005 తక్కువ వచ్చింది. అదే జత హెల్మెట్లను నెల్లూరు అమ్మాయి మీద కొలిస్తే తేడా పరీక్ష పొరపాటు లోపలే ఉండిపోయింది. ఆమె తల కదలకుండా ఉంటుంది, వీపు చదునుగా ఉంటుంది. ఎవరో వేగంగా వెళ్ళారని వాళ్ళ హెల్మెట్ కొనుక్కోవద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

జెర్సీ నంబరు గురించి కూడా రాయాలి. పాత రేసు ఫోటోలో ఆయన వీపు మీద నంబరు కాగితం నాలుగు మూలలా పిన్నీసులతో గుచ్చి ఉంది. నిలబడి గుచ్చుకోవడం వల్ల, ఏరోబార్ల మీదకు వంగగానే వీపు సాగి, కాగితం మధ్యలో ఉబ్బి, గాలి సంచిలా లేచింది. పక్కనే స్కిన్‌సూట్ (ఒంటికి అతుక్కునే రేసు దుస్తు) భుజాల దగ్గర ముడతలు. సైజు ఒకటి తగ్గించి, నంబరును వంగి ఉన్నప్పుడే వేరొకరి చేత, అంచుల పొడుగునా ఎనిమిది చోట్ల గుచ్చించుకోమన్నాను. ఈ రెండూ కలిసి 0.004. రెండు వేర్వేరు ఉదయాల్లో అదే వచ్చింది కనుక లెక్కలో వేసుకున్నాం. మొత్తానికి 0.262.

టైర్లలో దాదాపు 7 వాట్లు దొరికాయి. రెండు చక్రాలకూ 25 మి.మీ. టైర్లు వేసి 115 పీఎస్ఐ గాలి కొట్టేవారు. గట్టిగా ఉంటే వేగంగా దొర్లుతుందన్నది నున్నని వెలోడ్రోమ్ నేల మీద చెల్లే మాట. మన రోడ్డు గరుకు మీద అంత గట్టి టైరు ప్రతి గతుకుకూ సైకిల్‌ను, మనిషిని ఎగరేసి ఆ శక్తిని ఒంట్లోనే వృథా చేస్తుంది. వెనక 28 మి.మీ. వేసి, ముందు మాత్రం రిమ్ము ఆకారంతో సాఫీగా కలవాలి గనుక 25 మి.మీ. ఉంచి, లేటెక్స్ ట్యూబులు ఎక్కించి, గాలి తగ్గించాం. క్రాంకులు కాక సీటు అమరిక, స్పేసర్లు, టైర్లు, ట్యూబులకు అయిన ఖర్చు 30 వేల లోపే.

బరువు తగ్గాలా అని అడిగారు. చదును మీద ఒక కిలో తగ్గితే నేరుగా మిగిలేది అర వాటు కూడా కాదు. 6 శాతం ఎత్తున్న దారిలో గంటకు 14 కి.మీ. వేగంతో ఎక్కేటప్పుడు అదే కిలోకు 2 వాట్లకు పైగా మిగులుతాయి. ఆయన పోటీ చదును మీద కనుక బరువు కోసం తిండి మానవద్దన్నాను. పొట్ట తగ్గితే తుంటి దగ్గర ఇంకొంచెం చోటు దొరుకుతుందన్నది మాత్రం నిజమే. ఈ మొత్తం కాలంలో ఆయన తగ్గింది ఒక కిలో.

భంగిమ కుదరడం వేరు, అందులో శక్తి పుట్టించడం వేరు. పది వారాల పాటు వారానికి రెండుసార్లు ట్రైనర్ మీద, ఏరోబార్లు వదలకుండా, 12 నిమిషాల చొప్పున మూడు విడతలు తొక్కారు. మొదటి వారం మెడ నొప్పితో ఎనిమిదో నిమిషానికే లేచేవారు. ఏడో వారానికి మూడు విడతలూ పూర్తి చేశారు. పదో వారం చివర రేసులో 240 వాట్ల సగటుతో 45 నిమిషాల 26 సెకన్లు. పాత రోడ్ సైకిల్ కంటే 5 వాట్లు తక్కువే తొక్కి, 2 నిమిషాల 5 సెకన్లు ముందు వచ్చారు.

రెండో రైడర్: చిన్న ఒంటికి పెద్ద చక్రం

నెల్లూరు అమ్మాయి సమస్య వేరు. ఆమె నడుము సులువుగా వంగుతుంది, ఇంకా కిందికి దిగాలని ఉన్నా సైకిల్ దిగనివ్వదు. ఆమె సీటు ఎత్తు 640 మి.మీ. మాత్రమే. ముందు చక్రం పరిమాణం అందరికీ ఒకటే, దాని మీద ఫోర్కు, హెడ్ ట్యూబు (ఫ్రేము ముందు గొట్టం), ఆపైన ప్యాడ్లు. ఎంత చిన్న ఫ్రేము తీసుకున్నా ఈ దొంతర ఒక హద్దు దాటి కిందికి రాదు. కనుక పొడగరి రైడర్‌కు సీటు నుంచి ప్యాడ్లకు తేలిగ్గా వచ్చే దింపు, అంటే ఎత్తులో తేడా, ఆమెకు రాదు. చిన్న రైడర్ల కోసం ఒకప్పుడు 650సీ అనే చిన్న సైజు చక్రాల సైకిళ్ళు ఉండేవి. ఇప్పుడు ఆ సైజుకు మంచి టైర్లు దొరకడమే కష్టం. చక్రాలను పురుషుల సగటు ఒడ్డూ పొడుగుకు ఖాయం చేసి, మిగతావారిని దానికి సర్దుకోమనడం నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం.

ఆమెకు కూడా 170 మి.మీ. క్రాంకులు తీసి 160 మి.మీ.వి వేశాం. ఆయన విషయంలో అది పొట్టకు చోటు ఇచ్చింది. ఈమె విషయంలో సీటు 10 మి.మీ. లేవడమే అసలు లాభం, ప్యాడ్లు దించకుండానే దింపు అంత పెరిగింది. ఒకే మార్పు రెండు ఒళ్ళలో రెండు వేర్వేరు పనులు చేసింది.

పెద్ద లాభం మాత్రం ముందు చక్రంలో దొరికింది. ఆమె 80 మి.మీ. లోతు రిమ్ము వాడేవారు. విమానాశ్రయం వైపు చెట్లు, గోడలు లేని ఖాళీ జాగాల్లో పక్కగాలి ఒక్కసారిగా తగిలినప్పుడు లోతైన ముందు చక్రం హ్యాండిల్‌ను తిప్పేస్తుంది. 84 కిలోల మనిషి దాన్ని ఆపుకోగలరు, 51 కిలోల మనిషికి అది ప్రమాదం. “సార్, అక్కడికొచ్చేసరికి భయమేసి చేతులు కిందికి మార్చేస్తాను” అని చెప్పారు. వీడియో, పవర్ ఫైలు కలిపి చూస్తే 51 నిమిషాల రేసులో దాదాపు 9 నిమిషాలు ఏరోబార్లు వదిలి బేస్ బార్ (పక్కలకు ఉండే వెడల్పాటి హ్యాండిల్) పట్టుకునే తొక్కారు. ఏరోబార్ల మీద ఆమె సీడీఏ 0.235, బేస్ బార్ మీద 0.290. లోతైన రిమ్ము ఇచ్చే రెండు మూడు వాట్ల కోసం, ఆ 9 నిమిషాల్లో ప్రతి క్షణం దాదాపు 28 వాట్ల విలువైన అడ్డును మోస్తూ వచ్చారన్నమాట. ముందు 50 మి.మీ. చక్రం వేయించాను. అదే గాలిలో, అదే జాగాలో ఆమె చేతులు కదల్లేదు.

క్రాంకు, చక్రం, మోచేతుల మధ్య దూరం, టైర్లు కలిపి సీడీఏ 0.225కు, సగటు శక్తి 158 నుంచి 165 వాట్లకు చేరాయి. 51 నిమిషాల 3 సెకన్ల టైమింగ్ 48 నిమిషాల 34 సెకన్లయింది.

చెన్నైలో తేలిన సంగతి

బెంగళూరు విజయం తర్వాత మొదటి రైడర్ చెన్నైలో సముద్రం పక్కగా సాగే ఈస్ట్ కోస్ట్ రోడ్ (ఈసీఆర్) మీద అదే దూరం తొక్కి, 47 నిమిషాల 2 సెకన్లు పట్టడంతో కంగారుగా ఫోన్ చేశారు. అమరిక ఎక్కడో జారిపోయిందని ఆయన అనుమానం. ఫైలు తెప్పించుకుని చూశాను. సీడీఏ 0.263, అంటే మారలేదు. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ ఉదయపు గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.07 కిలోలు. చెన్నైలో సముద్రం పక్కన, 28 డిగ్రీల వేడిలో 1.15. అదే మనిషి, అదే సైకిల్, అదే శక్తి అయినా 30 కి.మీ.కు ఒక నిమిషానికి పైగా తేడా ఆ గాలి చిక్కదనమే తెస్తుంది. 1972లో బెల్జియం రైడర్ ఎడ్డీ మెర్క్స్ అవర్ రికార్డు కోసం 2,200 మీటర్లకు పైన ఉన్న మెక్సికో సిటీకి వెళ్ళి 49.431 కి.మీ. తొక్కింది ఈ పల్చని గాలి కోసమే. మిగిలిన అర నిమిషం వేడిది: ఉక్కలో, గాలి రంధ్రాలు తక్కువున్న హెల్మెట్ కింద ఆయన సగటు 233 వాట్లకు పడింది. చెన్నైకి మళ్ళీ వెళ్ళే ముందు బెంగళూరులోనే గది తలుపులు మూసి, ఫ్యాను వేగం తగ్గించి, రెండు వారాలు ట్రైనర్ తొక్కమని, రేసు ఉదయం స్టార్ట్ లైన్ దాకా హెల్మెట్ వైజర్ పెట్టుకోవద్దని చెప్పాను.

ప్రస్తుతం ఆయన డిస్క్ (ఊచలు లేని, పూర్తిగా మూసిన) వెనక చక్రం అద్దెకు తెచ్చారు. రెండు ఉదయాలు కొలిచాం. ఒక రోజు 0.005 లాభం, మరో రోజు 0.001 వచ్చింది. మూడో ఉదయం గాలి ముందే లేచి పరీక్ష ఆగిపోయింది. వచ్చే శనివారం మళ్ళీ 5 గంటల 40 నిమిషాలకు లేఅవుట్ గేటు దగ్గర కలుస్తున్నాం. ఆ కొలత వచ్చేదాకా చక్రం కొనవద్దని చెప్పాను, ఆయన సరేనన్నారు.